హెడ్‌లైట్ వణుకుతోందా? బల్బు కొనే ముందు మీటరు పట్టండి

హెడ్‌లైట్ వెలుగు వణికిందంటే అందరి చెయ్యీ ముందు బల్బు మీదకే పోతుంది. కొత్త బల్బు వేస్తారు, రెండు రోజులు బాగుంటుంది, మూడో రోజు మళ్ళీ మొదలు. ఆ రెండు రోజులూ ఎందుకు బాగుందో తెలిస్తే సగం రోగం దొరికినట్టే. బల్బు పీకి పెట్టేటప్పుడు కప్లర్ (బల్బు వెనక తొడిగే ప్లగ్గు) లోపలి రేకులు ఒరుసుకుని, వాటి మీద పేరుకున్న చిలుము కాస్త రాలిపోతుంది. బాగుచేసింది కొత్త బల్బు కాదు, ఆ రాపిడి.

మన చిన్న కార్లలో ఎక్కువగా ఉండే హెచ్4 హాలోజన్ బల్బు 12 వోల్టులు, 60/55 వాట్లది, అంటే హై బీమ్‌కు 60, లో బీమ్‌కు 55. లో బీమ్‌లో ఒక్కొక్కటి దాదాపు 4.6 ఆంపియర్లు లాగుతుంది. అంత కరెంటు పోయే దారిలో ఒక్క జాయింటు పావు ఓమ్ అడ్డం పడినా ఒక వోల్టు పైనే అక్కడ ఖర్చయిపోతుంది. హాలోజన్ బల్బుకు వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు 30 శాతం దాకా పడిపోతుంది. పోయిన ఆ వోల్టు ఊరికే పోదు, 5 వాట్ల వేడిగా మారి ఆ జాయింటునే కాలుస్తుంది. వేడికి రేకు పట్టు వదులుతుంది, వదులైన కొద్దీ ఇంకా వేడెక్కుతుంది. అందుకే ఈ జబ్బు తనంతట తాను తగ్గదు. మొదట గుంతల్లో మాత్రమే వణికిన లైటు కొన్నాళ్ళకు మంచి రోడ్డు మీద కూడా వణుకుతుంది, చివరికి కప్లర్ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి కరిగిపోతుంది.

ఇక్కడ చెప్పే పద్ధతి హాలోజన్ లైట్లది. హెచ్4కి చెప్పిందే హెచ్7, హెచ్11, హెచ్‌బీ3 రకం బల్బులకూ వర్తిస్తుంది. ఎల్‌ఈడీ, జినాన్‌ల లెక్క వేరు కాబట్టి వాటిని చివర్లో చూద్దాం.

ముందు గోడకు ఎదురుగా నిలబెట్టండి

చీకటి పడ్డాక కారును గోడకు పది అడుగుల దూరంలో ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇంజను నడుస్తుండగా లో బీమ్ వెయ్యండి. ఐదు నిమిషాలు దేన్నీ ముట్టుకోకుండా గోడ మీది వెలుగునే గమనించండి. తర్వాత హై బీమ్. తర్వాత ఎవరినైనా కారులో కూర్చోబెట్టి ఇండికేటర్, హారన్, బ్లోయర్, బ్రేకు ఒక్కొక్కటే నొక్కించండి. చివరికి యాక్సిలరేటరు మెల్లగా తొక్కించి 2000 ఆర్‌పీఎం దాకా తీసుకెళ్ళమనండి. ఈ పదిహేను నిమిషాల పనికి పైసా ఖర్చు లేదు, కానీ సగం అనుమానాలు ఇక్కడే తీరిపోతాయి.

ఒక్క వైపు లైటు మాత్రమే వణుకుతుంటే బ్యాటరీని, దాన్ని చార్జ్ చేసే డైనమోని వదిలెయ్యండి. వాటిలో లోపముంటే రెండు లైట్లూ వణకాలి. ఒక వైపుదైతే ఆ వైపు బల్బు, కప్లర్, ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి పోయే దారి), లేదంటే ఆ వైపుకు విడిగా ఉన్న ఫ్యూజు. రెండూ కలిసి వణుకుతూ, కారులోపలి లైటు, డ్యాష్‌బోర్డు వెలుగు కూడా వాటితోపాటే ఊగుతుంటే లోపం బ్యాటరీ టెర్మినళ్ళలోనో, డైనమోలోనో, ఇంజను ఎర్త్ పట్టీలోనో ఉంటుంది. రెండు హెడ్‌లైట్లే వణికి మిగతావన్నీ నిలకడగా ఉంటే హెడ్‌లైట్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), స్టీరింగ్ దగ్గర లైట్లు వేసే కాంబినేషన్ స్విచ్, లేదా రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ఎర్త్ అని అర్థం. లో బీమ్‌లో వణికి హై బీమ్‌లో నిలకడగా ఉందంటే ఎర్త్ మీద అనుమానం తగ్గుతుంది. హెచ్4 బల్బులో లో బీమ్‌కు, హై బీమ్‌కు వెలిగే రెండు ఫిలమెంట్లకూ ఎర్త్ ఒకటే కదా.

ఇండికేటర్ టిక్కుటిక్కుమన్నప్పుడల్లా దానికి తాళం వేసినట్టు హెడ్‌లైట్ కూడా డిమ్ అవుతుంటే ఇక వెతకాల్సిన పని లేదు. ఆ మూలన హెడ్‌లైట్, ఇండికేటర్ రెండూ పంచుకునే ఎర్త్ బోల్టు వదులైంది.

కొన్నిసార్లు లోపమేమీ ఉండదు. యాక్సిలరేటరు తొక్కకుండా ఇంజను ఐడిల్‌లో ఉండగా ఏసీ కంప్రెసర్ పడినప్పుడో, రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మొదలైనప్పుడో వెలుగు ఒక్క క్షణం తగ్గి కుదుటపడితే అది మామూలే. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఉన్న కారులో పార్కింగ్ చేస్తూ స్టీరింగ్ గట్టిగా తిప్పినా అంతే. ఈ మధ్య కార్లలో డైనమో ఎంత చార్జ్ చెయ్యాలో ఇంజను కంప్యూటరే నిర్ణయిస్తుంది, బ్రేకు వేసినప్పుడు వోల్టేజి పెంచి, యాక్సిలరేటరు తొక్కినప్పుడు తగ్గిస్తుంది. వాటిలో వెలుగు నెమ్మదిగా హెచ్చుతగ్గులు కావడం డిజైనే. వణుకు వేరు, ఈ ఊగుడు వేరు. ఇక ఫోను వీడియోలోనో డ్యాష్‌క్యామ్‌లోనో మాత్రమే ఎల్‌ఈడీ లైటు మినుకుమంటే అది కెమెరా చూపించే వింత, లైటులో ఏ లోపమూ లేదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

డిజిటల్ మల్టీమీటరు ఒకటి, ఖరీదైనది అక్కర్లేదు. 10 మి.మీ. స్పానర్, స్క్రూడ్రైవర్లు, 120 నంబరు ఎమరీ పేపరు, పాత టూత్‌బ్రష్, తినే సోడా, పెట్రోలియం జెల్లీ, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, నాలుగు గుండుసూదులు. వీటితోపాటు 21 వాట్ల ఇండికేటర్ బల్బు హోల్డరుకు రెండు మూరెడు తీగలు కట్టి టెస్ట్ ల్యాంప్ చేసుకోండి. డిజిటల్ మీటరు సెకనుకు రెండు మూడుసార్లే అంకె మారుస్తుంది, గబగబా వచ్చిపోయే వణుకును అది పట్టలేదు. బల్బు పట్టిస్తుంది. పైగా అది ఒకటిన్నర ఆంపియర్ పైనే లాగుతుంది కాబట్టి బలహీనమైన జాయింటు దాని ముందు నటించలేదు.

తీగ తెగలేదని చెప్పే మీటరులోని కంటిన్యుటీ బీప్‌ను నమ్మి చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. పది పోగుల తీగలో తొమ్మిది తెగి ఒక్కటే మిగిలినా బీప్ వస్తుంది. ఆ ఒక్క పోగు బల్బుకు కావాల్సిన కరెంటు మొయ్యలేదు. అందుకే ఈ పనిలో కొలతలన్నీ లైటు వెలుగుతుండగానే, కరెంటు పారుతుండగానే తీసుకోవాలి.

చేతికి ఉంగరం, మెటల్ గొలుసు గడియారం ఉంటే తీసి పక్కన పెట్టండి. రేడియేటర్ ఫ్యాన్ చెప్పకుండా తిరుగుతుంది, కొన్ని కార్లలో తాళం తీసేశాక కూడా. చేతులు దానికి దూరంగా ఉండాలి.

బ్యాటరీ దగ్గర మొదలు

ఇంజను ఆపి రెండు మూడు గంటలయ్యాక బ్యాటరీ పోస్టుల (పైకి పొడుచుకొచ్చిన సీసం మొనల) మీద మీటరు పెడితే 12.6 వోల్టులు రావాలి. 12.4 అంటే ముప్పావు వంతు చార్జి, 12.2 అంటే సగం. 12 కన్నా కిందుంటే ముందు బ్యాటరీని చార్జ్ చేయించి ఆ తర్వాత మిగతా పరీక్షలకు రండి, లేకపోతే ఏ కొలతా నిలవదు.

పోస్టును పట్టుకుని ఉండే క్లాంపును చేత్తో పట్టుకుని తిప్పి చూడండి. వెంట్రుకవాసి కదిలినా అది వదులే. తెల్లటి పొడి, నీలిపచ్చ చిలుము కనిపిస్తే విప్పి కడగాలి. నెగటివ్ ముందు విప్పాలి, బిగించేటప్పుడు అది చివర్న బిగించాలి. ఈ వరుస తప్పి పాజిటివ్ ముందు విప్పబోతే, స్పానర్ రెండో కొస బాడీకి తగిలిన క్షణాన బ్యాటరీ మొత్తం షార్ట్. ఒక గ్లాసు వేడినీళ్ళలో టేబుల్ స్పూను తినే సోడా కలిపి టూత్‌బ్రష్‌తో రుద్దండి. నురగ రావడం ఆగేదాకా రుద్ది మంచినీళ్ళతో కడగండి. సెల్ మూతలు ఉన్న బ్యాటరీ అయితే మూతలు బిగించి ఉన్నాయో లేదో చూసుకోండి, ఒక్క చుక్క సోడా నీళ్ళు లోపలికి పోకూడదు. పూర్తిగా ఆరాక పోస్టునీ, క్లాంపు లోపలి భాగాన్నీ ఎమరీతో మెరిసేలా గీకి బిగించండి. బిగించాకే పైన పెట్రోలియం జెల్లీ రాయాలి. ముందే దట్టంగా గ్రీజు పట్టించి క్లాంపు ఎక్కించే అలవాటు మన దగ్గర ఎక్కువ. ఎక్కాల్సింది సీసానికి సీసం, మధ్యలో జిడ్డు కాదు. నట్టు పూర్తిగా బిగిసినా క్లాంపు ఇంకా తిరుగుతుంటే అది సాగిపోయింది, కొత్తది వేసుకోండి.

బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి, గేర్‌బాక్సుకు పోయే మందపు తీగ రెండో కొసను కూడా చూడండి. పైన పోస్టు తళతళలాడుతూ ఉంటుంది, కింద బోల్టు దగ్గర తుప్పు. బ్యాటరీ మార్చినవాళ్ళెవరూ అక్కడిదాకా వంగి చూడరు.

బల్బు, కప్లర్

ఒక వైపు మాత్రమే వణుకుతుంటే ఎడమ బల్బు కుడికి, కుడి బల్బు ఎడమకు మార్చండి. వణుకు బల్బుతోపాటు వెళ్ళిందా, లోపం బల్బుదే. ఉన్నచోటే ఉందా, బల్బును నిందించకండి. ఫిలమెంటు తెగి కొసలు తగులుతూ వదులుతూ ఉండే బల్బులు ఉంటాయి, వెలుగుతుండగా దీపం గూడును వేలితో మెల్లగా తడితే ఆరి వెలుగుతాయి. కానీ అలాంటివి కొద్ది రోజులకే పూర్తిగా పోతాయి. నెలల తరబడి వణికే లైటులో బల్బు దోషం అరుదు.

బల్బు తీసే ముందు లైటు ఆపి పది నిమిషాలు చల్లారనివ్వండి. వెనకున్న కప్లర్‌ను అటూ ఇటూ కొద్దిగా ఆడిస్తూ నిటారుగా లాగాలి, తీగలు పట్టుకుని గుంజితే లోపలి రేకులు ఊడి వస్తాయి. తర్వాత రబ్బరు బూటు, దాని లోపల తీగ క్లిప్పు. గాజును వేళ్ళతో ముట్టుకోవద్దు. వేలి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి బల్బు తొందరగా పోతుంది. పొరపాటున తాకితే స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి.

ఇప్పుడు కప్లర్ లోపలికి టార్చి వేసి చూడండి. ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగిందా, ఒక రేకు మిగతా వాటికన్నా నల్లబడిందా, పట్టు లేకుండా తెరుచుకుందా? కొద్దిగా చిలుము పట్టినంత మాత్రమే అయితే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పలచటి ఎమరీ ముక్కతో రుద్ది, సన్నటి స్క్రూడ్రైవర్‌తో రేకును కాస్త లోపలికి నొక్కితే సరిపోతుంది. ప్లాస్టిక్ ఒకసారి కరిగిందంటే మాత్రం రేకు నొక్కి లాభం లేదు. వేడికి స్ప్రింగు గుణం చచ్చిపోయింది, వారానికి మళ్ళీ వదులవుతుంది. సెరామిక్ కప్లర్ కొనండి. దానికి వచ్చే తీగలు కనీసం 1.5 చదరపు మి.మీ. ఉండాలి. పాత తీగను కాలిన భాగం దాటి, లోపలి రాగి ఎర్రగా మెరిసే చోటు దాకా కత్తిరించి కలపండి. రాగి నల్లబడి ఉంటే ఇంకా వెనక్కి వెళ్ళండి. తీగలు మెలిపెట్టి నల్ల టేపు చుట్టడం ఇంట్లో ఫ్యాను స్విచ్చుకు సరిపోతుందేమో, ఇంజను వేడిలో ఆ టేపు జిగురు కారి ఒక్క ఎండాకాలంలో ఊడి వేలాడుతుంది. క్రింప్ చేసే (నొక్కి బిగించే) స్లీవు వేసి, పైన వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ తొడుగు వెయ్యండి.

కప్లర్ కరగడానికి మనవైపు ముఖ్య కారణం 100/90 వాట్ల బల్బులు. 60/55కి వేసిన తీగ, స్విచ్చు, కప్లర్ అంత కరెంటు మొయ్యడానికి చేసినవి కావు. కొన్న వెలుగులో చాలా భాగం తీగల్లోనే వేడిగా పోతుంది. కంపెనీ స్పెసిఫికేషన్‌కు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది కూడా. ఆ బల్బులుంటే ముందు అవి తీసి 60/55 వెయ్యండి. ఆ తర్వాతే మిగతా పరీక్షలు.

రబ్బరు బూటు చిరిగితే దుమ్ము, తేమ లోపలికి చేరి రిఫ్లెక్టరును, రేకుల్ని తినేస్తాయి. చిన్న వస్తువే కదా అని వదలకండి.

అసలు దొంగ: ఎర్త్

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉప్పుగాలిలో తిరిగే కార్లలోనూ, ఒకసారైనా వరదనీళ్ళలో మునిగిన కార్లలోనూ మొదటి అనుమానం దీని మీదే ఉండాలి. పాజిటివ్ తీగకు ఫ్యూజు, రిలే, తొడుగు అన్నీ ఉంటాయి. ఎర్త్ తీగ మాత్రం ఒక లగ్గు (తీగ కొసనుండే లోహపు వలయం), ఒక బోల్టుతో బాడీ రేకుకు బిగించి, వానకూ దుమ్ముకూ వదిలేసి ఉంటుంది.

మీటరు పెట్టే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. కొన్ని కార్లలో, ముఖ్యంగా జపాన్, కొరియా డిజైన్లలో, బల్బుకు ఉమ్మడి తీగగా వచ్చేది ఎర్త్ కాదు, పాజిటివ్. లో, హై బీమ్‌లను మార్చే డిప్పర్ స్విచ్ ఎర్త్ వైపు కలుపుతుంటుంది. తీగ రంగును చూసి ఊహించకండి. కప్లర్ బల్బు నుంచి తీసి, లైటు ఆన్‌లో ఉంచి, మీటరు నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్‌కు పెట్టి కప్లర్ మూడు రేకుల్నీ ఎర్ర ప్రోబ్‌తో చూడండి. లో నుంచి హై బీమ్‌కు మార్చినప్పుడు 12 వోల్టులు ఒక రేకు నుంచి ఇంకో రేకుకు మారితే మామూలు పద్ధతి, ఆ రెండూ కానిది ఎర్త్. రెండు సందర్భాల్లోనూ 12 వోల్టులు ఒకే రేకు మీద ఉంటే ఉమ్మడి పాజిటివ్ కారు. అప్పుడు ఎర్త్ దారి స్విచ్ గుండా పోతుంది కాబట్టి కింద చెప్పే డైరెక్ట్ తీగ పరీక్ష దానికి చెయ్యకూడదు.

మామూలు పద్ధతి కారులో కప్లర్‌ను మళ్ళీ బల్బుకు తొడిగి లైటు వెయ్యండి. మీటరును 20 వోల్టుల డీసీ రేంజిలో పెట్టి, నల్ల ప్రోబ్‌ను బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, అంటే క్లాంపు మీద కాదు పోస్టు మీదే, ఆనించండి. ఎర్ర ప్రోబ్ కొసకు గుండుసూది పట్టుకుని కప్లర్ వెనక నుంచి ఎర్త్ తీగ పక్కగా రేకుకు తగిలేదాకా దూర్చండి. 0.1 వోల్టు వస్తే దారి శుభ్రం. 0.2 దాటితే అనుమానం, 0.5 వస్తే దొంగ దొరికాడు. అంకె చూస్తూనే రెండోవాళ్ళ చేత తీగల కట్టను అక్కడక్కడా కదిలించండి. ఎక్కడ కదిలిస్తే అంకె గెంతుతుందో అదే చోటు.

తర్వాత ఎర్ర ప్రోబ్‌ను తీగ నుంచి తీసి ఎర్త్ బోల్టు పక్కన బాడీ మీద, పెయింటు గీకి, పెట్టండి. అక్కడ కూడా అంతే వోల్టేజి చూపిస్తే లైటు ఎర్త్ మంచిదే, బ్యాటరీ నుంచి బాడీకి వచ్చే మందపు పట్టీ చెడింది. ఇక్కడ సున్నాకు దగ్గరగా పడిపోతే లోపం బోల్టుకూ బల్బుకూ మధ్య ఉంది.

ఇంకా నమ్మకం కుదరకపోతే 1.5 చదరపు మి.మీ. తీగ మధ్యలో 10 ఆంపియర్ ఫ్యూజు పెట్టి, బ్యాటరీ నెగటివ్ నుంచి కప్లర్ ఎర్త్ రేకుకు తాత్కాలికంగా తగిలించండి. వణుకు ఆగి వెలుగు ఒక్కసారి తెల్లబడితే ఇక వాదన అక్కర్లేదు.

బాగుచెయ్యడం సులువు, కానీ తొందరపడొద్దు. ఆ బోల్టు సాధారణంగా హెడ్‌లైట్ వెనక ఫెండర్ లోపలి వైపు, లేదా రేడియేటర్‌ను పట్టుకునే అడ్డ పట్టీ మీద ఉంటుంది, ఎక్కువ కార్లలో 10 మి.మీ. స్పానర్ సరిపోతుంది. బ్యాటరీ నెగటివ్ తీసి బోల్టు విప్పండి. లగ్గు రెండు వైపులా, దాని కింద బాడీ రేకు, బోల్టు తల అడుగు భాగం, ఈ నాలుగూ ఎమరీతో తెల్లటి లోహం కనిపించేదాకా గీకాలి. బాడీ రేకు మీద కొంచెం పెయింటు మిగిలినా పని సగమే. లగ్గు లోపలికి తీగ దూరే చోట తొడుగు కొద్దిగా ఒలిచి చూడండి. చిలుము తొడుగు కిందుగా జరజరా పాకిపోయి ఉంటుంది, పైకి ఏమీ తెలియదు. ఉంటే కత్తిరించి కొత్త లగ్గు క్రింప్ చెయ్యండి. పళ్ళున్న స్టార్ వాషరు వేసి గట్టిగా బిగించి, మళ్ళీ మీటరు పెట్టి అంకె 0.1 దగ్గరకు వచ్చిందని చూసుకున్నాకే పైన పెట్రోలియం జెల్లీ రాయండి.

పాజిటివ్ వైపు కూడా ఇదే కొలత. ఎర్ర ప్రోబ్ బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద, నల్లది కప్లర్‌లో వెలుగుతున్న బీమ్ రేకు మీద. అర వోల్టు దాటితే ఫ్యూజు, రిలే, స్విచ్ వరసగా చూడాలి. మధ్యలో ఎలుకలు కొరికిన తీగ ఉందేమో కూడా గమనించండి. కారు వారాల తరబడి కదలకుండా ఉంటే అవి ముందు ఇంజను గదిలోనే కాపురం పెడతాయి.

రెండు లైట్లూ ఇంజనుతోపాటు వణికితే

మన మెకానిక్కులు డైనమో అనేది నిజానికి ఆల్టర్నేటరు. ఐడిల్‌లో లైట్లు సన్నగా వణికి, యాక్సిలరేటరు తొక్కగానే నిలకడగా మారితే మీటరు బ్యాటరీ మీద పెట్టండి. హెడ్‌లైట్లు, బ్లోయర్ అన్నీ వేసి ఐడిల్‌లో 13.2 కన్నా పైన, 2000 ఆర్‌పీఎం దగ్గర 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. కంప్యూటర్ నడిపే డైనమోలు ఈ హద్దులు దాటి కూడా తిరుగుతూ ఉంటాయి, ఒక్క అంకెతో తీర్పు చెప్పకండి. 13 కిందే ఉండిపోతే ముందు బెల్టు. పాత వి బెల్టును మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు 10 మి.మీ. దిగాలి. ఎక్కువ దిగితే, లేదా లైటు వెయ్యగానే కీచుమంటే బిగించాలి, పగుళ్ళుంటే మార్చాలి. బెల్టు బాగుండి డ్యాష్‌బోర్డు మీది బ్యాటరీ ఎర్రలైటు మసగ్గా మెరిసి ఆరుతుంటే లోపల బ్రష్‌లు అరిగాయి. 14.8 దాటి పోతుంటే వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటరు చెడింది. మీ కారు బల్బులు మాటిమాటికీ పోతున్నాయంటే కారణం ఇదే కావచ్చు. 5 శాతం ఎక్కువ వోల్టేజికే హాలోజన్ బల్బు ఆయుష్షు దాదాపు సగమవుతుంది.

డైనమో లోపల ఏసీని డీసీగా మార్చే డయోడు పోతే కరెంటులో అలలు మిగిలిపోతాయి. మీటరును ఏసీ వోల్టుల రేంజికి మార్చి, ఇంజను నడుస్తూ లైట్లు వెలుగుతుండగా బ్యాటరీ మీద చూడండి. అర వోల్టు దాటితే డయోడు మీద అనుమానం. ఇక్కడ చవక మీటరు మోసం చేస్తుంది. దానిలో ఏసీకి అన్నిటికన్నా చిన్న రేంజి 200, పైగా డీసీని కూడా ఏసీలా చూపిస్తుంది. ప్రోబ్‌లు ఒకవైపు పెడితే 28, 30 అని, తిరగేస్తే సున్నా అని వస్తే ఆ మీటరు ఈ పరీక్షకు పనికిరాదు.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి డైనమో మంచిదో కాదో చెప్పే మెకానిక్కులు ఇంకా ఉన్నారు. కంప్యూటర్ లేని కాలంలో ఆ విద్య చెల్లింది. ఇప్పుడు అలా చేస్తే వోల్టేజి ఒక్కసారిగా పదుల వోల్టులకు ఎగిరి ఇంజను కంప్యూటర్‌ను కాల్చేస్తుంది. ఎవరైనా స్పానర్ పట్టుకుని అటు వెళితే ఆపండి.

ఫ్యూజు, రిలే, స్విచ్

ఫ్యూజు తెగకుండానే వణుకు పుట్టించగలదు. దాని లోహపు కాలు రంగు మారిందా, సాకెట్‌లో వదులుగా ఆడుతుందా చూడండి. మార్చేటప్పుడు రాసి ఉన్న ఆంపియర్లే వెయ్యాలి, సిగరెట్ పెట్టె రేకు, రాగి తీగ వద్దు. రిలే టకటకమంటుంటే దాని మీద అదే నంబరు ఉన్న హారన్ రిలేను తెచ్చి పెట్టండి, ఆగిపోతే కొత్త రిలే కొనడమే.

పాత మోడళ్ళలో చాలావాటికి హెడ్‌లైట్ రిలే ఉండదు. పది ఆంపియర్ల కరెంటూ స్టీరింగ్ పక్కనున్న కాంబినేషన్ స్విచ్ గుండానే పోతుంది, అందులోని కాంటాక్టులు కాలక్రమేణా కాలిపోతాయి. లైటు వేసి ఆ లివరును మెల్లగా పైకీ కిందికీ ఆడించండి. వెలుగు దానితో ఆడితే, స్టీరింగ్ తొడుగు దగ్గర కాలిన ప్లాస్టిక్ వాసన వస్తే స్విచ్ పోయింది. స్ప్రే కొడితే కొన్నాళ్ళు సర్దుకుంటుంది, అంతే. ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగ్ అయితే ఇంట్లో విప్పకండి, ఇది ఆటో ఎలక్ట్రీషియన్ పని.

కొత్త స్విచ్ కూడా అలాగే కాలకూడదంటే హెచ్4 రిలే కిట్ వెయ్యండి. తెలిసినవాళ్ళు దీన్ని బల్బు మార్చడం కన్నా ముందు చేస్తారు. లో బీమ్‌కు ఒకటి, హై బీమ్‌కు ఒకటి, 30 లేదా 40 ఆంపియర్ల నాలుగు పిన్నుల రిలేలు రెండు. బ్యాటరీ పాజిటివ్ నుంచి 2.5 చదరపు మి.మీ. తీగ, బ్యాటరీకి జానెడు దూరంలోపే ఒక్కో రిలేకు 15 ఆంపియర్ ఫ్యూజు, అక్కడి నుంచి రిలే 30వ పిన్ను, 87 నుంచి రెండు బల్బులకూ. పాత కప్లర్ నుంచి వచ్చే కరెంటు ఇప్పుడు 85, 86 పిన్నుల మధ్య కాయిల్‌ను లాగడానికే. దానికి పావు ఆంపియర్ కూడా అక్కర్లేదు, స్విచ్ ఇక వేడెక్కదు. బల్బుల ఎర్త్‌కు కూడా అంతే మందం తీగ వేసి శుభ్రంగా గీకిన బాడీ రేకుకు బిగించండి. పాజిటివ్ మందంగా, ఎర్త్ సన్నగా వేస్తే చేసిందంతా వృథా. రిలేలను పిన్నులు కిందికి ఉండేలా, నీళ్ళు చిమ్మని చోట పెట్టండి. ఉమ్మడి పాజిటివ్ కారుకు మామూలు కిట్ నేరుగా సరిపోకపోవచ్చు, కొనేటప్పుడే అడగండి.

ఎల్‌ఈడీ, జినాన్

హాలోజన్ గూట్లో ఎల్‌ఈడీ బల్బు వేశాక వణుకు మొదలైతే ఎంతసేపటికి మొదలవుతుందో చూడండి. పది పదిహేను నిమిషాలకు మొదలైతే వేడి. వెనక ఫ్యాన్ దుమ్ముతో ఆగిపోయింది, లేదా రబ్బరు బూటుతో గాలి మూసుకుపోయి బల్బులోని డ్రైవర్ సర్క్యూట్ తనను తాను కాపాడుకోడానికి ఆపుతోంది. వెయ్యగానే వణికితే, కారు కంప్యూటర్ బల్బుకు కరెంటును తుంపులుగా పంపుతోందని అర్థం. హాలోజన్ ఫిలమెంటు ఆ తుంపుల మధ్య చల్లారే లోపే మళ్ళీ వేడెక్కుతుంది, ఎల్‌ఈడీ మాత్రం ప్రతి తుంపుకూ ఆరి వెలుగుతుంది. దీనికి ఆ తుంపులను సర్దే క్యాన్‌బస్ డీకోడర్ అమ్ముతారు, దాని రెసిస్టరు కాలేంత వేడెక్కుతుంది కాబట్టి ప్లాస్టిక్‌కు కాకుండా లోహపు రేకుకు బిగించాలి. అయితే హాలోజన్‌కు చేసిన రిఫ్లెక్టర్‌లో ఎల్‌ఈడీ వెలుగు చెదిరి ఎదుటివాళ్ళ కళ్ళలో పడుతుంది, పైన చెప్పిన 52వ సెక్షన్ దీనికీ వర్తిస్తుంది. హాలోజన్‌కు తిరిగి వెళ్ళడమే తక్కువ తలనొప్పి. కంపెనీ నుంచే వచ్చిన ఎల్‌ఈడీ హెడ్‌ల్యాంపు వణికితే మీరు చూడగలిగింది ఎర్త్, కప్లర్, బ్యాటరీ మాత్రమే.

జినాన్ లైటు గులాబీ రంగుకు తిరిగి, ఆరి, మళ్ళీ వెలుగుతుంటే బల్బు ఆయుష్షు తీరింది. వెలిగే క్షణంలో దానికి కరెంటు ఇచ్చే బ్యాలస్ట్ పెట్టె 20 వేల వోల్టులకు పైగా పంపుతుంది. ఆ మూత ఇంట్లో తెరవకండి.

దారిలో, రాత్రిపూట

పక్కకు ఆపి హజార్డ్ లైట్లు వేసి, ఏసీ, వెనక అద్దం హీటర్, పాటలు ఆపండి. కప్లర్‌ను ఒకసారి గట్టిగా లోపలికి నొక్కండి. బ్యాటరీ క్లాంపు వదులైతే చేత్తో తిప్పి దించండి. రెండు లైట్లూ పోయి హారన్ మోగుతుంటే ఆ రిలే తెచ్చి హెడ్‌లైట్‌కు పెట్టండి, హారన్ లేకుండా ఇంటికి చేరొచ్చు. బ్యాటరీ ఎర్రలైటు వెలిగిందంటే డైనమో ఆగిపోయింది. చిన్న కారు 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ మీద హెడ్‌లైట్లు, పెట్రోలు పంపు, ఇగ్నిషన్ కలిసి 20 ఆంపియర్ల దాకా లాగుతాయి. కాగితం మీద అది గంటన్నర పైన, రోడ్డు మీద గంట కూడా నమ్మొద్దు. దగ్గర్లో వెలుతురున్న చోటు చూసి ఆపండి.

పని అయ్యాక

అన్నీ బిగించాక రెండు వైపులా ఎర్త్ కొలత, పాజిటివ్ కొలత మళ్ళీ తీసి కారు పుస్తకంలో తేదీతో రాసుకోండి. ఆరు నెలల తర్వాత ఆ అంకెలే ఎక్కువ మాట్లాడతాయి. బల్బు తీసి పెట్టారు కాబట్టి గోడ మీద వెలుగు గీత రెండు వైపులా ఒకే ఎత్తులో ఉందో లేదో చూడండి. ఒకవైపు పైకి లేస్తే బల్బు మూడు చెవులూ గాడిలో సరిగా కూర్చోలేదు. తర్వాత లైట్లు వేసి ఇరవై నిమిషాలు ఇంజను నడపండి, ఆపిన వెంటనే రెండు కప్లర్ల వెనక భాగాన్నీ వేలితో తాకి చూడండి. రెండూ ఒకేలా వెచ్చగా ఉండాలి. ఒకటి చుర్రుమంటే ఆ వైపు రేకు ఇంకా వదులుగానే ఉంది.